నొప్పి మాత్ర మనోవ్యాధికి మందగునా?

హద్దు మీరిన ఉత్సాహం, ఆపై అంతులేని విషాదం: ఈ రెండింటి మధ్య మనిషిని ఊగించే మనోవ్యాధికి బైపోలార్ అని పేరు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ లిథియం గుణాన్ని వెల్లడించిన నాటినుండి ఆ లవణం దీనికి ముఖ్య ఔషధాలలో ఒకటిగా నిలిచి ఉన్నది.

ఇటీవలి దశాబ్దాలలో మరొక ఆలోచన బలపడింది. కొందరు రోగుల రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి పదార్థాలు అధికంగా కనిపించాయి. ఇవి ఇన్‌ఫ్లమేషన్‌కు, అనగా దేహంలో వాపును, మంటను కలిగించే రక్షణ ప్రక్రియకు గుర్తులు. ఆ మంటను చల్లార్చితే మనస్సు కుదుటపడుతుందా అన్నది శాస్త్రజ్ఞుల ప్రశ్న.

2016లో వెలువడిన ఒక సమీక్ష చిన్న చిన్న ప్రయోగాలను కలిపి పరిశీలించి, అసలు చికిత్సకు తోడుగా ఇచ్చిన ఇన్‌ఫ్లమేషన్ నిరోధకాలు విషాద దశలో కొంత మేలు చేస్తున్నట్లు తెలిపింది. కాని 2020లో లాన్సెట్ సైకియాట్రీ పత్రిక ప్రచురించిన పాకిస్తాన్ ప్రయోగం వేరొక ఫలితాన్ని చూపింది. 266 మంది పాల్గొన్న ఆ ప్రయోగంలో సెలెకాక్సిబ్ గాని, మైనోసైక్లిన్ గాని మందు లేని మాత్రకంటె మెరుగని తేలలేదు. ఈ మైనోసైక్లిన్, యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వాన లెడర్లీ పరిశోధనాలయం 1948లో లోకానికి అందించిన ఆరియోమైసిన్ కుటుంబానికే చెందినది.

శాస్త్రం ఇంకా తేల్చని విషయాన్ని రోగి బంధువులు ఇంట్లోనే తేల్చబూనితే ప్రమాదం. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలు లిథియంను బయటకు పంపే శక్తిని తగ్గిస్తాయి. లిథియం మేలు చేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు దూరం బహు స్వల్పం. చేతుల వణుకు, తడబడే నడక, ముద్దగా వచ్చే మాట, వాంతులు దానికి హెచ్చరికలు.

ఎమిరేట్స్‌లో ఈ ముప్పు ఇంకొంత అధికం. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుండి 3 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించరాదని ప్రభుత్వమే నిషేధించిన దేశమిది. చెమటతో నీరు, ఉప్పు తరిగినపుడు మూత్రపిండాలు సోడియంను పట్టి ఉంచుతాయి. దానితోపాటు లిథియంను కూడా. ఆపై ఒళ్లునొప్పులకని, స్వదేశం నుండి సూట్‌కేసులో తెచ్చుకున్న మాత్ర వేసుకుంటే రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

దీనికి మూలం చాలావరకు దాపరికమే. మధుమేహాన్ని మందుల దుకాణంలో నిస్సంకోచంగా చెప్పుకునే తెలుగు కుటుంబం, మనోవ్యాధి మాటెత్తడానికి జంకుతుంది. సంబంధాలు తప్పిపోతాయని, ఉద్యోగం పోతుందని భయం. ఆ భయం నిరాధారమని కొట్టివేయలేము. కాని లిథియం సంగతి ఎరుగని ఫార్మసిస్టు, అడిగిన నొప్పి మాత్రనే ఇస్తాడు. 2023లో వెలువడిన ఎమిరేట్స్ మానసిక ఆరోగ్య చట్టం రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. కనీసం వైద్యుని వద్ద, ఫార్మసిస్టు వద్ద నిజం చెప్పడానికి వెనుకాడనక్కరలేదు.

కొత్త మందు కోసం శాస్త్రం శోధించనీ. ఈలోగా లిథియం వాడుతున్నవారు వైద్యుని అడగక నొప్పి మాత్ర ముట్టకుండుట, వేళకు రక్తపరీక్ష చేయించుకొనుట, వేసవిలో నీటికి లోటు రానీయకుండుట ఉత్తమం.