కీమోకి ముందు కాలేయం సంగతి చూడండి

కీమో అయిపోయిందని కుదుటపడిన కొన్ని నెలలకు రోగి కళ్లు పచ్చబడితే, మంగినపూడిలోనైనా నాగాయలంకలోనైనా ఇంట్లోవాళ్లు ముందు పసరు మందు కోసమే పరుగెడతారు. ఆ ఘాటు మందులు ఒంటికి పడలేదనుకుంటారు. కొందరిలో అసలు కారణం వేరు: ఏళ్ల తరబడి కాలేయంలో నక్కి ఉన్న హెపటైటిస్-బి వైరస్.

ఒకసారి సోకితే ఈ వైరస్ కాలేయ కణాలను పూర్తిగా వదిలిపోదు. ఒంట్లోని రోగనిరోధక శక్తి దాన్ని అణచి ఉంచుతుంది. కీమో, స్టెరాయిడ్లు, ముఖ్యంగా లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్ ఆ కాపలాను తీసేస్తాయి. వైరస్ పెరిగిపోతుంది. చికిత్స ముగిసి రోగనిరోధక శక్తి తేరుకున్నాక, అది వైరస్ పట్టిన కణాల మీద విరుచుకుపడితే కాలేయమే కూలుతుంది. కేన్సర్ లొంగినా మనిషి దక్కని సందర్భాలున్నాయి. రిటుక్సిమాబ్ విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లోనే గట్టిగా హెచ్చరించింది. కేన్సర్ మందులు మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి పరీక్ష చేయాలని ఆ దేశపు కేన్సర్ వైద్యుల సంఘం 2020లో చెప్పింది.

మనకేం పట్టిందని అనుకోవడానికి లేదు. 2022 నాటికి మన దేశంలో హెపటైటిస్-బి ఉన్నవారు 2.98 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ చౌక టీకా తెచ్చింది 1997లో. ఇవాళ కేన్సర్ వార్డుల్లో ఉన్న యాభై, అరవై ఏళ్లవాళ్లు అంతకు చాలా ముందు పుట్టినవాళ్లు, ఒకే సూదిని ఉడకబెట్టి ఊరందరికీ పొడిచిన రోజులు చూసినవాళ్లు.

విడ్డూరమేమిటంటే మందు ఉంది. రోజుకో మాత్ర, టెనోఫోవిరో ఎంటెకావిరో. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ పరీక్షా, మందూ ఉచితం. కీమో ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ పథకం భరిస్తోంది. రెండూ సర్కారువే, ముడి వేయాల్సిందీ సర్కారే.

మా మాట స్పష్టం. కీమోకు అనుమతిచ్చిన రోజే రక్తం తీయాలి. ఇప్పుడున్న ఇన్‌ఫెక్షన్‌ను చూపే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష ఒక్కటే చాలదు, పాత ఇన్‌ఫెక్షన్ జాడ పట్టే యాంటీ-హెచ్‌బీసీ కూడా చేయాలి. ఫలితం వచ్చేదాకా కీమో ఆపనక్కర్లేదు. కానీ ఆ రిపోర్టు జతచేయని ఆసుపత్రికి బిల్లు చెల్లించకూడదు. యాజమాన్యాలు గోల పెడితే పెట్టనివ్వండి.

   

హెపటైటిస్ మాత్ర కీమో ముగిశాక కూడా కనీసం ఏడాది వాడాలి. మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ లేస్తుంది. కీమో కోసం బెజవాడకో గుంటూరుకో తిరిగి అలసిన దివిసీమ కూలీ, మాత్రల కోసం నెలనెలా మళ్లీ బస్సెక్కుతాడా? 2023 నుంచి వైద్య కళాశాల ఉన్న బందరు ప్రభుత్వాసుపత్రిలోనూ, గుడివాడ, అవనిగడ్డల్లోనూ ఆ మాత్రలు ఇచ్చేలా జిల్లా యంత్రాంగం వెంటనే ఉత్తర్వు తేవాలి.