ఇంటికి తాళం పడితే బడిలో పేరు కొట్టెయ్యాలా?

దసరా వెళ్ళిందంటే కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు, ఇళ్ళకు తాళాలు పడతాయి. వానను నమ్ముకున్న చేలు, చేతికి పనిలేదు. వలస పోక తప్పదు. దాన్నే అక్కడ సుగ్గి అంటారు. ముందు పత్తి తీతకు, సంక్రాంతి దాటాక గుంటూరు, పల్నాడు మిరపచేలకు. వెంట పిల్లలు. గట్టున వేసుకున్న టార్పాలిన్ గుడారమే నెలల తరబడి వాళ్ళ ఇల్లు. ఊళ్ళో గోడలున్నాయి గనుక వీళ్ళని ఇల్లులేనివాళ్ళని ఎవరూ రాయరు. బడి రిజిస్టరు మాత్రం ముందు గైర్హాజరు అంటుంది, తర్వాత బడి మానేశాడంటుంది. వాడు మానలేదు, వాడి ఇల్లే కదిలిపోయింది.

ఒక ఏడు మిరపకోతలప్పుడు ఒక ఆడపిల్లను దగ్గరి బడికి తీసుకుపోయాను. టి.సి. ఏదన్నారు, ఆధార్ ఏదన్నారు, ఏడాది మధ్యలో చేర్చుకోమన్నారు. మర్నాడు ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని చేలోనే ఉంది. నేను చదివింది అయిదో తరగతే, వాళ్ళతో వాదించలేకపోయాను. తర్వాత చట్టం చదివించుకుని విన్నాను.

2009 విద్యాహక్కు చట్టం ఏమంటుంది? టి.సి. ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు (5వ సెక్షన్). వయసు కాగితం లేదని కాదనకూడదు (14). ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి (15). వలస కుటుంబాల పిల్లల్ని చేర్పించే పూచీ స్థానిక సంస్థలదే (9). 2010 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. కాగితం మీద!

అయ్యవార్లది ఒక్కరిదే తప్పనను. అయిదు తరగతులకూ ఒక్కడే ఉంటే గుడారాల వెంట ఎప్పుడు తిరుగుతాడు? అయినా చూసే కన్నుంటే పిల్లలు కనపడతారు. మిరపఘాటుకు కళ్ళెర్రబడ్డవాడు, చేతులు మండుతున్నాయని పలక పట్టనివాడు, మొదటి గంటకే కునికిపాట్లు పడేవాడు. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మధ్యాహ్నం అన్నం వేళకే వచ్చే పిల్లను కసిరితే రేపు ఇద్దరూ రారు. ఆ చిన్నవాణ్ణి కూర్చోనిస్తే అక్క అక్షరాలు దిద్దుకుంటుంది.

సొంతూళ్ళో అమ్మమ్మల దగ్గర ఉండిపోయే పిల్లలకు సీజనల్ హాస్టలు ఉండాలి. అది లారీ కదలకముందే తెరవాలి. గుడారాలు వేసుకున్నాక తెరిస్తే ఎవరికి?

ఈసారి ముఠా మేస్త్రీ లారీ మాట్లాడిన రోజే మనవాళ్ళు హెడ్మాస్టరు దగ్గరికి పోవాలి. ఏ ఇంట్లో ఎంతమంది, ఏ ఊరికి పోతున్నారు, ఎప్పుడు తిరిగొస్తారు, అన్నీ మేస్త్రీ నోటుబుక్కులో ఉంటాయి. ఆ పాటి పుస్తకం బడి దగ్గర ఎందుకు లేదో అడగాలి.