గుడ్డు చిన్నదైతే తప్పు టీచరమ్మదా?

రాయలసీమలోని ఒక పల్లె నుంచి ఓ తల్లి సోమవారం కలెక్టరేటుకు పోయి అర్జీ ఇచ్చింది. అంగన్‌వాడీలో ఇస్తున్న గుడ్లు మరీ చిన్నవి, కొన్ని కుళ్లినవి కూడా వస్తున్నాయి అన్నది ఆమె మొర. రసీదు ఇచ్చారు. ఈ వారం ఆమె సెల్‌కు మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైపోయిందని. ఎలా పరిష్కరించారో విన్నాక నాకు ఒళ్లు మండింది.

అర్జీ కలెక్టరేటు నుంచి అంగన్‌వాడీలను చూసే జిల్లా ఐసీడీఎస్ ఆఫీసుకు, అక్కడి నుంచి ప్రాజెక్టు అధికారి సీడీపీవోకు, ఆపైన సూపర్‌వైజరుకు, చివరికి ఆ అంగన్‌వాడీ టీచరు దగ్గరికే దిగింది. “ఏమ్మా, నా మీద పైకి రాసిస్తివంట?” అని టీచరు నిలదీసింది. “నీ మీద కాదక్కా, గుడ్ల మీద” అంది తల్లి. తెల్లారితే బిడ్డను మళ్లీ అక్కడికే పంపాలి గదా! సంతృప్తి చెందానని సూపర్‌వైజరు చూపిన చోట సంతకం పెట్టేసింది. గుడ్లు సరఫరా చేసే కాంట్రాక్టరును మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఎలుక పెట్టుకున్న అర్జీని విచారణకు పిల్లికే పంపే ఈ పద్ధతి నిన్నా మొన్నటిది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమం పేరు ‘మీకోసం’ పోయి ‘స్పందన’ వచ్చింది, ‘జగనన్నకు చెబుదాం’ అన్నారు, ఇప్పుడు ‘ప్రజా సమస్యల పరిష్కార వేదిక’ అంటున్నారు. తెలంగాణలో ‘ప్రజావాణి’. బోర్డు మారినప్పుడల్లా పెయింటరుకు పని దొరికింది. అర్జీ నడిచే దారి మారలేదు.

చట్టం లేక కాదు. ఆరేళ్ల లోపు పిల్లల తిండిని 2013 నాటి ఆహార భద్రత చట్టం హక్కు చేసింది. ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలని సెక్షన్ 15 చెబుతోంది. ఆ అధికారి చెప్పిన న్యాయం చేయకపోతే బాధ్యుడైన ఉద్యోగికి 5,000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. ఎన్నింటి గోడల మీద ఆ అధికారి పేరు, ఫోన్ నంబరు రాసి ఉన్నాయో మీరే వెళ్లి చూడండి.

ఇంగ్లండులో పిల్లల సేవల మీద ఫిర్యాదు రెండో దశకు వెళ్తే, కౌన్సిల్‌లో ఉద్యోగి కాని బయటి మనిషి ఒకరు విచారణలో కూర్చోవాల్సిందే. 1989 నాటి బాలల చట్టం కింద పిల్లవాడు తానే ఫిర్యాదు చేయొచ్చు. అక్కడంతా సవ్యంగా ఉందని నేననను. కానీ ఆ బయటి మనిషి మనకెందుకు లేడు?

ఉన్న బయటివాళ్లను కూడా లోపలికి లాగేసుకున్నాం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు 1996లో ముంబైలో వీధి పిల్లల కోసం పుట్టింది. ఏళ్ల తరబడి స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. 2023లో ప్రభుత్వాలు దాన్ని తమ చేతిలోకి తీసుకున్నాయి. ఇప్పుడు ప్రభుత్వ బాలల గృహంలో దెబ్బలు తిన్న పిల్లవాడు ఫోన్ చేయాల్సింది ప్రభుత్వానికే.

ఇక నా పాత గోడు, సెల్‌ఫోన్. టీచరమ్మకు కేంద్రం యాప్ పోషణ్ ట్రాకర్ ఒకటి, రాష్ట్రం యాప్ ఇంకొకటి. ఇంటికిచ్చే రేషనుకు తల్లి ముఖం ఫొటోతో సరిపోలాలి. సిగ్నల్ లేని తండాలో బాలింత చెట్టు కింద నిలబడి కళ్లార్పుతూ ఉండాలి. పాలపొడి ఎవరికిచ్చారో పట్టుకోవడానికి ఇంత యంత్రాంగం ఉంది, కుళ్లిన గుడ్డు ఎవరు పంపారో పట్టుకోవడానికి ఏదీ లేదు. నిఘా ఎప్పుడూ తీసుకునేవాళ్ల మీదే! 11,500 రూపాయల గౌరవ వేతనం చాలడం లేదని ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ల మీద సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు. గుడ్ల కాంట్రాక్టరు మీద ఎస్మా పెట్టినట్టు ఎక్కడైనా విన్నారా?

కలెక్టర్లకు ఒక్కటే మనవి. ఏ ఆఫీసు మీద ఫిర్యాదు వచ్చిందో ఆ ఆఫీసుకు విచారణ అప్పగించకండి. తల్లులకు ఇంకొకటి. అర్జీ పైన ‘ఆహార భద్రత చట్టం, సెక్షన్ 15’ అని పెద్దక్షరాలతో రాయించండి. గుడ్డు సైజు మారేదాకా సంతృప్తి చెందామని ఎక్కడా సంతకం పెట్టకండి.