మంచే రాయాలట!

"నాలుగు మంచి మాటలు రాయండి సామీ, మన ఊరే కదా!"

తిరుపతిలో ఉంటూ ప్రయాణాల గురించీ తిండీతాగుళ్ల గురించీ రాసి బతికేవాడికి ఈ మాట వినని వారం ఉండదు. హోటలు యజమాని చనువుగా అంటాడు. టూరిజం సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషి గంభీరంగా అంటాడు. పత్రిక ఎడిటరైతే ఫోనులో నవ్వుతూ అంటాడు. నా తోటి రచయితలు దాన్ని ఏకంగా వృత్తిధర్మం చేసేసుకున్నారు: బాగుంటే రాయి, బాగాలేకుంటే గమ్మునుండు. దానివల్ల ఊరికి జనం వస్తారు, పదిమందికి పని దొరుకుతుంది, ఎవరికీ నష్టం లేదు.

చివరి మాట అబద్ధం. నష్టం ఉంది, అది పడేది కూడా సరిగ్గా ఆ ఊళ్లో నిజాయితీగా వండేవాళ్ల మీద, పండించేవాళ్ల మీద.

నేను వైన్ గురించి కూడా రాస్తాను. ఆ సంగతి చెబితే మా చుట్టాలు మాట మార్చేస్తారు. తిరుమల కొండ మీద మందూ మాంసమూ పొగాకూ నిషిద్ధం, అది సరే. కింది జిల్లాకూ ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. రాజాజీ 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టాక, మరుసటి ఏడే దాన్ని తెచ్చిన జిల్లాల్లో చిత్తూరు ఒకటి. కల్లు, సారాల మీద పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో మద్రాసు సర్కారు అమ్మకం పన్ను పెట్టింది. తాగేవాడు మానినందుకు తాగనివాడు కట్టిన పన్ను అన్నమాట. ఇలాంటి చోట కూచుని వైన్ గురించి రాయడంలో ఒక సుఖముంది: నన్ను పిలిచి మర్యాద చేసే వైన్ కంపెనీ చుట్టుపక్కల లేదు. అందుకే ఆ వ్యాపారాన్ని కొంచెం దూరం నుంచి చూడగలిగాను. పొగడ్త మీదే బతికిన వ్యాపారం లోకంలో ఏదైనా ఉందంటే అదే. పొగడ్త దాన్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చెప్పడానికి రెండు ఉదంతాలు చాలు.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి ఒక పోటీ పెట్టాడు. ఫ్రాన్సు సీసాలూ కాలిఫోర్నియా సీసాలూ పక్కపక్కన పెట్టి, పేర్లు కనబడకుండా చేసి, ఫ్రెంచి నిపుణుల చేత మార్కులు వేయించాడు. తెల్ల వైన్లలో షాటో మోంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ మొదటొచ్చాయి. రెండూ కాలిఫోర్నియావే. వైన్ చరిత్రలో ఇంతకన్నా పెద్ద వార్త ఆ శతాబ్దంలో ఎన్నున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ గదిలో ఉన్న విలేకరి మాత్రం ఒక్కడే, టైమ్ పత్రిక తరఫున వచ్చిన జార్జ్ టేబర్. మిగతావాళ్లకూ పిలుపు అందింది, రాలేదు. ఫ్రాన్సే గెలుస్తుందని అందరికీ ముందే తెలుసు కదా, పోయి చూసేదేముంది? పొగడటం అలవాటైన కలానికి వచ్చే మొదటి జబ్బు ఇదే. ఫలితం ముందే రాసిపెట్టుకుని ఉంటుంది, తర్వాత రుచి చూసే పని పడదు.

రెండోది ఆస్ట్రియా సంగతి. అక్కడ కొందరు వ్యాపారులు పలచటి వైన్‌కు తీపీ చిక్కదనమూ వచ్చినట్టు కనబడాలని డైఇథిలీన్ గ్లైకాల్ కలిపారు. అది విషం. 1985లో బయటపడింది, అదీ ప్రయోగశాలలో. నాలుకను మోసం చేయడానికే కలిపిన సరుకు కాబట్టి నాలుకకు దొరకలేదు. ఎగుమతులు పదో వంతుకు పడిపోయాయి. కలిపినవాళ్లతో పాటు, ఏ పాపమూ ఎరగని చిన్న చిన్న ద్రాక్షతోటల రైతులూ మునిగారు. ఆ ఏడే ఆస్ట్రియా చాలా కఠినమైన వైన్ చట్టం తెచ్చుకుంది. ఇవాళ ఆ దేశపు తెల్ల వైన్లు మంచి మంచి హోటళ్ల జాబితాల్లో గౌరవంగా కూచున్నాయంటే ఆ పరువు తెచ్చింది ప్రచారం కాదు. తప్పు జరిగిందని ఒప్పుకుని, పట్టుకుని, శిక్షించే ఏర్పాటు తెచ్చింది.

ఇక మన కొండ సంగతి. శ్రీవారి లడ్డూకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి చాలా ముందునుంచే పోటులో, అంటే గుడి వంటశాలలో, దిట్టం ఉంది, ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే కొలత. 5,100 లడ్డూలకు సరుకులన్నీ కలిపి 803 కిలోలు. అందులో ఆవునెయ్యి 165 కిలోలు. అంటే లడ్డూకు ముప్పైరెండు గ్రాముల పైచిలుకు నెయ్యి. ఇంత స్పష్టంగా కాగితం మీద ఉన్న కొలత ఫ్రాన్సులో ఎన్ని వైన్లకుంది? రుచి గురించి రాసేవాడికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు. అయినా లడ్డూ గురించి వచ్చే వ్యాసాలన్నీ ఒకటే పాట: అమృతం, అద్వితీయం, చిన్నప్పటి జ్ఞాపకం. "ముందున్నట్టు లేదబ్బా" అనే మాట తిరుపతి ఇళ్లలో కొత్తది కాదు. ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. అందులో కొంత వయసు తెచ్చే చాదస్తం కావచ్చు, కొంత నిజం కావచ్చు. ఏది ఎంతో విడదీసి చూడాల్సింది ఎవరు? తిండి గురించి రాసేవాళ్లే. ఆ పని మేమెవరమూ చేయలేదు, అపచారమవుతుందని. చివరికి 2024 సెప్టెంబరులో నెయ్యిలో కల్తీ జరిగిందన్న ఆరోపణ రాజకీయ వేదిక మీదనుంచి ఊడిపడింది. అక్టోబరులో సుప్రీంకోర్టు సీబీఐ డైరెక్టరు పర్యవేక్షణలో ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. తప్పెవరిదో తేల్చే పని నాది కాదు. నేననేది ఒక్కటే: వంటింట్లో మాట్లాడాల్సిన సంగతి వంటింట్లో మాట్లాడకపోతే వీధిలో పార్టీ జెండాల మధ్య మాట్లాడాల్సొస్తుంది. ఆ గొడవలో రుచి మాట ఎవరికీ గుర్తుండదు.

భక్తి అడ్డొస్తుందంటారా? ఏనుగుల వీరాస్వామయ్య కన్నా భక్తుడెవరు? మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న బయల్దేరి, సొంత డబ్బుతో పరివారాన్ని వెంటబెట్టుకుని కాశీకి పోయొచ్చాడు. ఆ దోవలో తిరుపతి చూసుకుని, కరకంబాడి, బాలపల్లె మీదుగా కడప వైపు సాగాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివినవాళ్లకు తెలుసు, దేవుడి మహిమతో పాటు అంగళ్లలో ఏం దొరుకుతుందో, నీళ్లెలా ఉన్నాయో, దోవ ఎక్కడ చెడిందో కూడా రాశాడు. తిరుమలలో కుంఫిణీవాళ్లకు ఏటా లక్ష రూపాయల దాకా ముడుతోందనీ, అక్కడ ఏ సేవ జరపాలన్నా సర్కారుకు రూకలు కట్టాలనీ రాశాడు. అప్పుడు గుడి కుంఫిణీ చేతుల్లోనే ఉంది. 1801లో పుచ్చుకున్నది 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పజెప్పేదాకా వదల్లేదు. దొరల కొలువు చేస్తూ, దేవుడికి దండం పెట్టుకుంటూ, దొరలు దేవుడి దగ్గర ఎంత వసూలు చేస్తున్నారో లెక్క చెప్పాడు. ఆ పుస్తకాన్ని ఈ రోజుకీ చదువుతున్నామంటే అది అందుకే. శేషాచలం అందాల వర్ణన కోసమైతే ఎవరు తెరుస్తారు?

అసలు సిసలు నష్టం ఎక్కడ జరుగుతుందో నన్నారి చూపిస్తుంది. ఎండాకాలం తిరుపతి వీధుల్లో ఐసుముక్క, నిమ్మరసం, సబ్జాగింజలు, సోడా కలిపి ఇచ్చే నన్నారి గురించి రాయని ప్రయాణ రచయిత లేడు. "శేషాచలం ప్రసాదించిన చల్లదనం" అని శీర్షిక కూడా దాదాపు ఒకటే. నాకూ ఆ షర్బతు ఇష్టం. అందుకే దాని వేరు గురించి మాట్లాడతాను. నన్నారి పేరుతో వాడే వేర్లు ఒకటి కాదు. సన్నటి తీగ వేరు సుగంధిపాల ఒకటి, కొండల్లో రాళ్ల సందుల్లో పెరిగే లావు మారెడు గడ్డ ఇంకొకటి. యానాదులు ఆ రాళ్లెక్కి తవ్వి తెస్తారు. వేరు మొత్తం తవ్వితే చెట్టు పోయినట్టే, మళ్లీ ఆ చోట దొరకదు. వాటి వాసనకు మూలమైన రసాయనం వెనిలిన్‌కు దాయాది. అణువులో ఉన్నవి అవే పరమాణువులు, అమరిక వేరు. ఓక్ పీపాలో ఏళ్ల తరబడి పెట్టిన వైన్‌లో వెనిలా వాసన తగిలితే పాశ్చాత్య విమర్శకులు పేజీలు నింపుతారు, సీసా ధర పెరుగుతుంది. మన కొండ వేరులో అలాంటి పరిమళం పుట్టుకతోనే ఉంది. మరి దాని ధర ఎందుకు పెరగదు?

ఎందుకంటే చక్కెరపాకం, రంగు, ఎసెన్సు కలిపిన సీసాకూ వేరు ఉడకబెట్టి తీసిన సీసాకూ మేము ఒకటే పొగడ్త రాస్తాం. రెండూ "సహజం", రెండూ "సంప్రదాయం". నిజం చెప్పాలంటే తేడా పట్టుకోవడం కష్టం కూడా కాదు. వేరుతో చేసింది తాగాక గొంతులో కొంచెం మట్టి వాసన, ఒక చిరుచేదు కాసేపు నిలుస్తాయి. ఎసెన్సుది తీపితోనే ఆగిపోతుంది. ఈ రెండు వాక్యాలు రాస్తే ఎసెన్సు సీసా వాడికి కోపం వస్తుంది, నిజమే. రాయకపోతే, కొండెక్కి గడ్డ తవ్వే మనిషి ఒక రసాయనాల డబ్బాతో ధరలో పోటీ పడాలి. గమ్మునుండటం ఎవరికీ నష్టం కాదన్నారు కదా, ఆ నష్టపోయిన మనిషి ఈయనే. పత్రిక చదవడు గనక ఫోన్ చేసి అడగడు.

మామిడి సంగతీ అంతే, తొందరగా చెప్పేస్తాను. చిత్తూరు మామిడి అనగానే ఫలరాజమంటూ బేనీషాను, కాలేపాడును, ఇమాంపసందును తలుచుకుని మైమరచిపోతారు. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురిని ఎవరూ రుచి చూడరు, జిల్లా రైతు నిలబడేదీ పడేదీ దాని మీదే అయినా. 2025లో తోతాపురి ధర కూలింది. కిలోకు పన్నెండు రూపాయలు, అందులో ఫ్యాక్టరీ ఎనిమిది, సర్కారు నాలుగు అని లెక్క కట్టాల్సొచ్చింది. కర్ణాటక కాయను చిత్తూరు జిల్లాలోకి రానివ్వకుండా జూన్‌లో ఆపేస్తే ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశాడు. ఆ వేసవి మామిడి వ్యాసాల్లో మాత్రం పళ్లు చెట్లకు కవిత్వంలా కాశాయి.

ఈ పొగడ్తలకు మూలం మంచితనం కాదు, బిల్లు. తెలుగు పత్రిక ఇచ్చే పారితోషికం దారిఖర్చుకే చాలదు. అందుకని గది ఒకరిస్తారు, కారు ఒకరు పంపుతారు, భోజనం ఇంకొకరు పెడతారు. ఒక రిసార్టు వాళ్లు నన్నూ పిలిచారు. వ్యాసం అచ్చుకు ముందు చూస్తామన్నారు, చూశారు. "అంతా బో బాగుంది సార్, ఆ దోమల ముక్క ఒక్కటి తీసేస్తే..." అన్నారు. తీయలేదు. మళ్లీ పిలవలేదు. వాళ్ల తప్పేముంది, పెట్టుబడి పెట్టారు, రాబడి అడిగారు. చట్టం కూడా దీన్ని పెట్టుబడిగానే చూస్తుంది. ఉచిత బస, బహుమతి, డబ్బు ఏది పుచ్చుకుని ప్రచారం చేసినా ఆ సంగతి చూసేవాళ్లకు కనబడేట్టు చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో సోషల్ మీడియా వాళ్లకు మార్గదర్శకాలిచ్చింది. దాచి తప్పుదోవ పట్టిస్తే పది లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఫోను పట్టుకుని బిర్యానీ తినే కుర్రాడికి వర్తించే ఆ కనీస మర్యాద, మన వారపత్రికల యాత్రా వ్యాసం కింద ఎన్నిసార్లు చూశారు?

ఒక అభ్యంతరం మాత్రం న్యాయమైనది. చిన్నవాళ్ల పొట్ట కొట్టకూడదు. రోడ్డు పక్క ఇడ్లీ బండి అక్క సాంబారు ఒక పొద్దు చెడితే దాన్ని అచ్చేసి ఊరంతా చాటడం దుర్మార్గం. అక్కడ నేనూ గమ్మునుంటాను. చిత్రమేమంటే, మంచే రాయాలనే మా వాళ్లు అక్కడే నోరు తెరుస్తారు. బండి దగ్గర శుభ్రత లేదు, చేతికి గ్లవ్స్ లేవు, నూనె మాటిమాటికీ కాస్తున్నారు. ఏసీ హాలులో నాటుకోడి పులుసు, రాగిసంకటి పేరుతో వెండి రంగు పళ్లెంలో ఉడకని ముద్ద పెట్టి నాలుగు వందలు గుంజితే మాత్రం "రాయలసీమ రుచుల రాచమర్యాద". బండి అక్క గది ఇవ్వలేదు, కారు పంపలేదు.

పోతే, విమర్శిస్తే జనం రారన్న భయం. ఏ ఊరి గురించి? రోజుకు అరవై, డెబ్బై వేలమంది కొండెక్కే ఊరి గురించా? నేను దోమల గురించి రాశానని శ్రీకాకుళంలో ముడుపు కట్టుకున్నావిడ ప్రయాణం మానుకుంటుందా? ఆమె ఎలాగూ వస్తుంది. ఎంచిపెట్టుకున్న డబ్బుతో, ఇద్దరు పిల్లలతో, రాత్రి రైల్లో దిగుతుంది. స్టేషన్ నుంచి అలిపిరికి ఆటోకు ఎంతివ్వాలో, పిల్లలకు కారం లేని భోజనం ఎక్కడ దొరుకుతుందో, నన్నారి సీసా కొంటే ఏ అంగట్లో కొనాలో, ఏది కొనకూడదో ఆమెకు కావాలి.