చిన్న యంత్రానికి చిన్న పంకా

మన ప్రయోగశాలలోని చిన్న కంప్యూటర్లు వేసవి రాగానే మందగిస్తున్నవనీ, వాటిని తీసివేసి కొత్తవి కొనవలసినదేననీ ఈ విద్యాసంవత్సరంలో పలువురి నోట వినవచ్చింది. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. ఆ యంత్రాలకు వార్ధక్యమూ రాలేదు, రోగమూ లేదు. వాటికి ఉక్కపోస్తున్నది, అంతే. ఉక్కపోసిన మనిషికి గాలి విసురుతాము గాని, ఇంటినుండి వెళ్ళగొట్టి మరొకరిని తెచ్చుకొనము గదా!

విషయం తెలియని జూనియర్ విద్యార్థుల కోసం రెండు మాటలు. మనవద్ద ఉన్నవి రాస్ప్‌బెరీ పై అనే ఒకే పలక కంప్యూటర్లు. ఇంచుమించు పేకముక్కంత పలకమీదనే మెదడు, జ్ఞాపకశక్తి, తక్కిన అంగాలన్నీ అమరి ఉంటాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు దీనిని రూపొందించగా, 2012 ఫిబ్రవరి 29వ తేదీన విక్రయానికి వచ్చింది. నాటి ధర 35 డాలర్లు. పేద ఇంటి పిల్లవాడు సైతం యంత్రాన్ని విప్పి చూచి నేర్చుకోవాలన్నదే వారి ఆశయం. ఆనాటి నమూనాకు పంకా అవసరమే లేదు. తరాలు మారినకొద్దీ వేగం పెరిగింది. వేగంతోపాటు వేడీ పెరిగింది. 2019లో వచ్చిన నాలుగవ తరం యంత్రం పూర్తి భారంతో పనిచేసేటప్పుడు సుమారు ఆరేడు వాట్ల విద్యుత్తును తీసుకుంటుంది. ఆ విద్యుత్తంతా చివరకు వేడిగానే మారుతుంది. ఒక చిన్న ఎల్.ఇ.డి. బల్బు తీసుకొనే కరెంటే కదా అనవచ్చు. కాని ఇందులో అధికభాగం వేలిగోరంత చోటులో పుడుతున్నది. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ యంత్రం తన వేడిని తానే కొలుచుకుంటుంది. 80 డిగ్రీలు చేరగానే వేగాన్ని తగ్గించుకొన నారంభిస్తుంది. 85 దగ్గర మరింత కఠినంగా తగ్గిస్తుంది. చిప్పు కాలిపోకుండా కాపాడుకొనే స్వయంరక్షణ ఇది. కేంబ్రిడ్జిలోని గది 20 డిగ్రీల చల్లదనంలో ఉన్నదనుకుందాం. చిప్పు చుట్టూ ఉన్న గాలికన్న 40 డిగ్రీలు అధికంగా వేడెక్కితే అక్కడ 60 అవుతుంది. ఏ ఇబ్బందీ లేదు. అదే పని, అదే చిప్పు, మన గది మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలలో ఉంటే? 82! యంత్రం మారలేదు, విద్యార్థి మారలేదు, మారినది ఊరు మాత్రమే. ఆ దేశపు పుస్తకాలలో పంకా ఐచ్ఛికమని వ్రాసి ఉంటే అది వారి వాతావరణానికి చెల్లు. మనం దానిని అక్షరాలా పాటించనక్కరలేదు.

మన నష్టానికి మరొక కారణం కూడా ఉన్నది, దీనిని పాలకసంఘం పెద్దలు మన్నించి వినవలెను. దొంగతనం జరుగుతుందనే భయంతో ఈ యంత్రాలను తలుపులున్న కొయ్య అలమరలో పెట్టి తాళం వేస్తున్నాము. భయం నిరాధారమని అనను. కాని మూసిన అలమరలో పంకా తిరిగినా, తిరిగిన గాలే మళ్ళీ తిరుగుతుంది. పంకా గాలిని చల్లబరచదు. వేడెక్కి చిప్పును అంటిపెట్టుకొన్న గాలిపొరను తొలగించి, ఆ స్థానంలో మరొక గాలిని తెస్తుంది. అందువలన చిప్పు ఎన్నడూ గదికన్న చల్లగా కాజాలదు, గదికి కొంత దగ్గరగా మాత్రం రాగలదు. వట్టివేళ్ళ తడికెను తడిపి కట్టి గదిని చల్లబరచుకొన్న మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. ఆ చల్లదనం నీటిది, గాలి దానిని మోసుకువచ్చేది. కాబట్టి అలమర తలుపుకు చెక్క తీసి ఇనుప జాలీ బిగించడం మొదటి పని. తాళం అలాగే ఉండవచ్చు. పలకను పడుకోబెట్టక నిలువుగా నిలిపితే వేడి గాలి సులభంగా పైకి పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక పంకా. 30 మిల్లీమీటర్ల చదరంలో, ఐదు వోల్టులతో నడిచే చిన్న పంకాలు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల సులభంగా దొరుకుతాయి. ఎర్ర తీగను నాలుగవ సూదికి, నల్ల తీగను ఆరవ సూదికి తగిలిస్తే చాలు, తిరుగుతుంది. చప్పుడు ఎక్కువైతే ఎర్ర తీగను 3.3 వోల్టులిచ్చే ఒకటవ సూదికి మార్చి చూడవచ్చు; నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరుగుతుంది. అయితే నిరంతరం తిరిగే పంకాకు ధూళి త్వరగా పడుతుంది, అరుగుదలా ఎక్కువే. వేడి పెరిగినపుడే తిరిగేటట్లు చేయడం ఉత్తమం.

అక్కడ ఒక హెచ్చరిక. ఆజ్ఞలిచ్చే సూదికే పంకాను నేరుగా తగిలించవద్దు. ఆ సూది 16 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వరాదు. పంకా నూరు, రెండు నూర్లు అడుగుతుంది. మధ్యలో 2ఎన్2222 వంటి ట్రాన్సిస్టరును, దాని బేస్‌కు వెయ్యి ఓముల నిరోధకాన్ని పెట్టవలెను. మోటారు ఆగినపుడు ఎదురుతన్నే వోల్టేజీని మళ్ళించడానికి పంకా రెండు తీగల మధ్య ఒక డయోడును తిరగేసి అతకవలెను. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో మనం బొమ్మగా గీచి మార్కులు తెచ్చుకొన్న ట్రాన్సిస్టరు స్విచ్ ఇదే! ఏ ఉష్ణోగ్రత వద్ద తిరగాలో యంత్రపు అమరికల ఫైలులో ఒక పంక్తి వ్రాస్తే సరి. నా అభిప్రాయంలో మన వేసవికి 65 డిగ్రీలు తగును. పది డిగ్రీలు తగ్గి 55కు వచ్చిన పిమ్మట ఆగుతుంది. ఆ ఎడం లేకపోతే పంకా నిమిషానికి పదిసార్లు ఆగుతూ, తిరుగుతూ ఉంటుంది. 2023లో వచ్చిన ఐదవ తరం యంత్రానికి ఈ శ్రమ లేదు. పంకాకు ప్రత్యేకమైన చోటు పలకమీదనే ఉన్నది, 50 డిగ్రీల వద్ద మొదలై వేడిని బట్టి దాని వేగం పెరుగుతుంది.

అన్ని యంత్రాలకూ పంకా కావాలని నేను వాదించను. టైపు చేయడానికి, పాఠం చదువుకోవడానికి వాడే వాటికి అంటించే అల్యూమినియం పలక చాలు. గ్రంథాలయంలో పాత ఉర్దూ, తెలుగు పుస్తకాల పుటలను గంటల తరబడి స్కాన్ చేసి భద్రపరచే యంత్రాలు రెండున్నవి. పంకా వాటికి కావలెను. మండుటెండలో అవి వేగం తగ్గించుకొంటే ఒక రోజు పని రెండు రోజులు సాగుతుంది. పుటలా, ఏటేటా పొడిపొడిగా రాలుతున్నవి. యంత్రం ఎక్కడా ఆగిపోదు, ఫిర్యాదు చేయదు. అందుకే ఈ నష్టం ఎవరి కంటా పడదు.

వేగం తగ్గించుకొనవలసి వచ్చిందా లేదా అన్నది ఒక చిన్న ఆజ్ఞతో ఆ యంత్రాన్నే అడిగి తెలుసుకోవచ్చు. విద్యుత్తు చాలకపోయినా వేగం తగ్గుతుంది, నాసిరకపు ఛార్జర్లతో నడిపితే జరిగేది అదే. కనుక ముందు ఆ పరీక్ష చేయకుండా పంకా కొనరాదు, కొత్త యంత్రం అసలే కొనరాదు.

"విద్యార్థులు విప్పితే పాడుచేస్తారు" అనే అభ్యంతరం ఒకటున్నది. విప్పడానికే పుట్టిన యంత్రమిది. తెలుగువారు పంకా అన్నా, ఉర్దూవారు పంఖా అన్నా విసరేది ఒకే గాలి. రెండు మాధ్యమాల విద్యార్థులు ఒకే బల్ల దగ్గర కూర్చుని టంకం పెట్టే అవకాశం మన కళాశాలలో ఎన్నిసార్లు వస్తుంది? ఏ.సి. కోసం విరాళాలు పోగయ్యేవరకు ఆగనక్కరలేదు. అలమరకు జాలీ, రెండు పంకాలు, రెండు ట్రాన్సిస్టర్లు, రెండు డయోడ్లు, ఒక శనివారం మధ్యాహ్నం ప్రయోగశాల తాళంచెవి. మార్చి నెల ముగియక మునుపే పాలకసంఘం వీటిని మంజూరు చేయవలెనని మనవి.