మెసేజీ వెళ్ళింది, నేను వెళ్ళలేదు



ఈ నెల మీ యెదుట ఒక తప్పు ఒప్పుకోవాలని ఉంది. మా ఊరి సెంటరులో కిరాణా కొట్టు నడిపే పెద్దమనిషి ఒకరున్నారు. హైందవ సహోదరుడు. రెండేళ్ళుగా ప్రతి ఉదయము నా ఫోను నుండి ఆయన ఫోనుకు ఒక వాక్యము వెళ్తుంది. ఆయన ఒక్కరికే కాదు, నా ఫోనులో పేరున్న వారందరికీ వెళ్తుంది. మంచము దిగకముందే ఇంతమందికి సువార్త అందించాను గదా అని తృప్తి పడేవాడిని.

గత వేసవిలో ఆయన భార్య చనిపోయింది. అప్పుడు నేను సువార్త కూటముల ఏర్పాట్లలో తిరుగుతున్నాను. కబురు తెలియగానే ఆదరణ వాక్యము ఒకటి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాను. రేపు వెళ్దాము, ఎల్లుండి వెళ్దాము అనుకుంటూ ఉండగానే పెద్దకర్మ కూడా అయిపోయింది. తరువాత ఒకనాడు పంచదార కోసం కొట్టుకు వెళ్ళాను. ఆయన పొట్లము కడుతూ, తల ఎత్తకుండానే, “అయ్యగారూ, మీ మెసేజీలు రోజూ వస్తున్నాయండి. మీరే రాలేదు” అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ, “మీ గుడికి వచ్చే ముసలమ్మ మాత్రం వచ్చిందండి. పది రోజులూ పొద్దున్నే వచ్చి వాకిలి ఊడ్చింది, నీళ్ళు మోసింది, మా మనవరాలిని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. మా దేవుడితో మీ సంగతి చెప్పుకుంటున్నానయ్యా అని వెళ్ళిపోయింది” అన్నారు.

ఆ అవ్వకు చదువు రాదు. చేతిలో ఫోను లేదు. మా సంఘము సువార్త జట్టు పట్టికలో ఆమె పేరు మేము ఎన్నడూ వ్రాయలేదు.

ప్రియులారా, కాలము మారింది. మన పెద్దల కాలములో సువార్త అంటే హార్మోనియము, పెట్రోమాక్సు దీపము, చెట్టు క్రింద బోధ, చేతికి ఒక కరపత్రము. తరువాత రేడియో వచ్చింది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రమును ఎన్నో పల్లెలలో తెర కట్టి చూపించారు. ఇప్పుడు పొలములో కూలి చేసుకునే బిడ్డ చేతిలో కూడా ఫోను ఉంది. హైదరాబాదుకు పనికి పోయిన మన పిల్లలు మన ఆరాధనను అక్కడినుండే చూస్తున్నారు. ఇందుకు దేవునికి స్తోత్రము. సాధనములు చెడ్డవి కావు. అయితే సాధనము వెళ్ళింది గనుక మనము వెళ్ళనక్కరలేదు అనుకోవడమే అపాయము.

మన తెలుగు సంఘముల చరిత్ర జ్ఞాపకము చేసుకోండి. కనిగిరి ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారము చేసుకునే మాదిగ సహోదరుడు. 1866లో ఆయన, భార్య నాగమ్మగారు బాప్తిస్మము పొందారు. తోళ్ళ కోసం ఏ ఊళ్ళు తిరిగాడో ఆ ఊళ్ళకే, ఏ బంధువుల ఇండ్లలో భోజనము చేశాడో ఆ ఇండ్లకే ఆయన సువార్తను తీసుకొని వెళ్ళాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము 8 మందితో ఆరంభమైనది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ నడుమ జరిగిన పనిలో ఎక్కువ భాగము పేరయ్యగారి వంటి వారు ఇల్లిల్లూ నడిచి చేసినదే.

ఇంకొక సంగతి కూడా గమనించండి. 1876–78లో గొప్ప కరవు వచ్చినప్పుడు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగము తవ్వించే కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్న వారికి పని చూపించారు. అయితే కూలి కోసము, గింజల కోసము విశ్వాసము ఒప్పుకున్నారన్న మాట రాకూడదని ఆ కరవు దినములలో బాప్తిస్మములు ఇవ్వడము ఆపివేశారు. సహాయమును ఎరగా వాడని చేతులు అవి. నేడు మన మీద ఎన్నో అనుమానములు ఉన్న ఈ దినములలో ఆ జాగ్రత్త మనకు మరింత అవసరము.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములో ఫిలిప్పును చూడండి. ఐతియొపీయుడైన నపుంసకుని రథము దగ్గరకు పరుగెత్తాడు. అతడు ఏమి చదువుతున్నాడో మొదట విన్నాడు, అర్థమవుతున్నదా అని అడిగాడు, పిలిస్తే ఎక్కి ప్రక్కన కూర్చున్నాడు. ఆ తరువాతే నోరు తెరచి యేసును గూర్చి చెప్పాడు. మనము మొదటే నోరు తెరుస్తున్నాము, మైకు శబ్దము కూడా పెంచుతున్నాము. ప్రక్క ఇంటిలో పరీక్షకు చదువుకునే బిడ్డ, జ్వరముతో పడుకున్న వృద్ధుడు ఉన్నారేమో అని చూడడము లేదు.

కాబట్టి ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయాలని కోరుతున్నాను. మీరు వాక్యములు పంపే వారిలో ఒక్కరి ఇంటికి వెళ్ళండి. వారి కష్టము వినండి. వారు అడిగితే మీ నిరీక్షణకు కారణము సాత్వికముతో చెప్పండి. అడగకపోతే మనసులో ప్రార్థించి తిరిగి రండి. మరల వెళ్ళండి.

నేను కూడా ఆ సాయంకాలమే ఆ కొట్టు యజమాని ఇంటికి వెళ్ళి, రానందుకు క్షమించమని అడిగాను. ఆయన గుడికి వచ్చారా అని కొందరు నన్ను అడుగుతారు. రాలేదు. కానీ ఇప్పుడు సాయంకాలము అటు వెళ్తే కొట్టు ముందు నాకు కుర్చీ వేస్తారు. మొన్న, “మీ దేవుడు చనిపోయిన వాళ్ళ గురించి ఏమంటాడండీ?” అని ఆయనే అడిగారు. రెండేళ్ళ నా మెసేజీలకు రాని ప్రశ్న అది. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు విడిచిన సంగతితో మొదలుపెట్టాను.

దేవుడు పరలోకమునుండి కబురు పంపి ఊరుకోలేదు. తానే మన మధ్యకు వచ్చాడు. ఆయన పిల్లలమైన మనము గడప దాటలేమా?

ప్రభువు మనలను పంపును గాక. ఆమేన్.