పరభాషా సీమలో నాటకోత్సవము

1976లో హేగ్ నగరమున ఆరంభమైన ఐరోపా ఆంగ్ల నాటక సమాజముల ఉత్సవము మన దృష్టి నాకర్షింపదగినది. ఆంగ్లము స్థానిక భాష కాని నగరములందు ఔత్సాహికులు ఏకాంకికలు ప్రదర్శింతురు. ఆతిథ్యము నగరమునుండి నగరమునకు మారుచుండును. ప్రదర్శనలు ముగిసిన పిమ్మట ఆ రాత్రియే న్యాయనిర్ణేత రంగస్థలముపై నిలిచి, ప్రేక్షకుల సమక్షముననే గుణదోషములను వివరించును.

1929లోనే తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తును నెలకొల్పుకొన్న మనకు పోటీలు క్రొత్త కావు. అయితే మన పోటీలలో తరచుగా బహుమతి ప్రకటితమగును. దాని హేతువు మాత్రము మరుగుననే యుండును. ఓడిన సమాజమునకు అసంతృప్తియే మిగులునుగాని పాఠము మిగులదు. భావి పరిశోధకునకు ఆధారమును లభింపదు.

ఇతర రాష్ట్రములందలి తెలుగు సమాజములు వంతులవారీగా ఇట్టి ఉత్సవమును జరిపి, నిర్ణేతల విమర్శను బహిరంగముగా చెప్పించి, ముద్రింపవలెనని నా అభిప్రాయము. అప్పుడే ప్రవాసమున మన నాటకము వినోదముతోపాటు విద్యయు కాగలదు.